కాన్వీ లోయలో కొత్త చీల

రావులపాలెం అరటి మార్కెట్లో పట్టపగలు మనిషిని చంపడం తెలివైన పని కాదు. అక్కడ ఒక గెల జారిపడితేనే పదిమంది మూగుతారు. అయినా త్రిమూర్తులును అక్కడే చంపారు, పొద్దుటి వేలంపాట జోరుగా సాగుతున్న వేళ, చక్రకేళి గెలల గుట్ట వెనక. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చేసిన చిన్న చప్పుడు పాటగాళ్ళ కేకల్లో కలిసిపోయింది.

మార్కెట్ వాళ్ళకు త్రిమూర్తులు ఒడిశా లారీలకు సరుకు ఎత్తించే దళారీ. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రం నమ్మకమైన ఏజెంట్. ఆ ఆఫీసును అందులో పనిచేసేవాళ్ళు డిపార్ట్‌మెంట్ అంటారు. పనిచేయని వాళ్ళు అసలు ఏమీ అనరు, ఎందుకంటే వాళ్ళకు తెలియదు.

తూటా తగిలే సమయానికి అతని చెవి దగ్గర ఫోన్ ఉంది. అవతల వింటున్నది వీరదుర్గ.

"దుర్గా, ఆ చిప్ బంగళా బొమ్మలో పోతోంది. పెట్టెకి సీలు పడనివ్వకు. ఎవరికీ చెప్ప..."

ఆ తరువాత గెలలు దొర్లిన చప్పుడు. ఆ తరువాత ఎవరో తాపీగా ధర పెంచుతున్న గొంతు.

రాజమహేంద్రవరం లాడ్జి గదిలో వీరదుర్గ మంచం మీద కూలబడింది. త్రిమూర్తులు ఆమెకు ఉద్యోగంలో అన్నలాంటివాడు. పిస్టల్ పట్టుకోవడం కంటే ముందు, పట్టుకోకుండా ఎలా గడపాలో నేర్పినవాడు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఎవరికీ చెప్పకు అన్నది అతని చివరి మాట. అది తెగిపోయినా అర్థం తెగలేదు. కానీ వీరదుర్గ లెక్కలో 'ఎవరికీ' అన్న మాటలో మాస్టారు రారు. మాస్టారికి చెప్పడమంటే తనలో తాను అనుకోవడమే.

ఆమె చేసిన మొదటి ఫోన్ మాస్టారికే.

మాస్టారంటే జగన్నాథరావు. మండపేటలో రైసు మిల్లు వెనక పెద్ద ఇల్లు, చుట్టూ కొబ్బరి తోట, ఊళ్ళో పెద్దరైతు అన్న మర్యాద. డిపార్ట్‌మెంట్‌లో రిటైరైనా, గోదావరి జిల్లాల ఆపరేషన్లు ఇప్పటికీ ఆయన చేతి మీదుగానే నడుస్తాయి. వీరదుర్గ తండ్రి పడవ తుఫానులో సముద్రం నుంచి తిరిగి రానప్పుడు, అంతర్వేది దగ్గర షెల్టరులో తడిసి ముద్దయి కూర్చున్న పిల్లను చూసి చదివించింది ఆయన. ఉద్యోగం వేయించింది ఆయన. ఆమె తమ్ముడు వీరబాబు సొంత పడవ కొనుక్కుంటే పూలదండ పంపింది ఆయన.

"ముందు తినమ్మా," అన్నారు జగన్నాథరావు, మండపేట చేరిన ఆమె ముందుకు పెసరట్టు ప్లేటు జరిపి. "కడుపు ఖాళీగా ఉంటే చెవులు పనిచెయ్యవు."

ఆయన బ్రీఫింగులన్నీ ఇలాగే మొదలవుతాయి. వీరదుర్గ తింది. ఆయన చెప్పారు.

"మన పడవల కింద పెట్టెలున్నాయని నీకు తెలుసు."

"తెలుసండి. కాకినాడ నుంచి అంతర్వేది దాకా. పరాయి సబ్‌మెరైన్ల చప్పుడు విని నేవీకి పంపుతాయి. మా వీరబాబు పడవకీ ఉంది."

"వాటిని పట్టుకునే కోడ్ చిప్ పోయింది. బియ్యపుగింజంత ఉంటుంది. అది అవతలివాళ్ళ చేతిలో పడితే ఆ పడవలన్నీ వాళ్ళ తెర మీద చుక్కలై కనిపిస్తాయి. నడిసముద్రంలో పడవ మునిగితే ఎవరడుగుతారమ్మా? గాలివాన అనుకుంటారు."

వీరదుర్గ చేతిలో పెసరట్టు ముక్క ఆగింది. వీరబాబు నిన్ననే వేటకు వెళ్ళాడు.

"ఎలా పోతోందండి?"

"గోదావరి గట్టు మీద ఇంజినీరు బంగళాలో పాత ఆయిల్ పెయింటింగ్ ఉంది. విక్టోరియా రాణి కాలం నాటిది. దాన్ని ఒక దేశానికి కానుకగా ఇస్తోంది బంగళా కమిటీ. ఛైర్మన్ని నేనే. ఇప్పుడు తప్పుకుంటే అనుమానం వస్తుంది." ఆ దేశం పేరు కూడా చెప్పారు. పేరు రాస్తే ఆ దేశం వాళ్ళు కాదంటారు, కనుక రాయడం అనవసరం. "వాళ్ళ ఎంబసీ కల్చరల్ ఆఫీసరు మధ్యాహ్నం వస్తాడు. మన ఫైళ్ళలో వాడి పేరు షెపర్డ్. పెట్టెకి వాడి ఉంగరంతో లక్క సీలు పడితే అది డిప్లొమాటిక్ సామాను. ఆ తరువాత ఈ దేశంలో దాన్ని తెరిచే హక్కు ఎవరికీ లేదు."

"చిప్ బొమ్మలో పెట్టేదెవరు?"

ఆయన ఒక ఫోటో తీసి టేబుల్ మీద పెట్టారు. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, భుజం దాకా కత్తిరించిన జుట్టు. "రూతు. మన రాజమండ్రి పిల్లే. లండన్‌లో పాత బొమ్మలు బాగుచేసే చదువు చదివింది. ఇప్పుడు షెపర్డ్ మనిషి. త్రిమూర్తులును చంపించింది ఈవిడే."

"ఆధారం ఉందాండి?"

"నేను చెబుతున్నాను కదమ్మా."

అది చాలు ఆమెకు. ఆయన లేచి స్టీలు క్యారేజీ ఒకటి తెచ్చి ఇచ్చారు. పై గిన్నెల్లో పులిహోర, పప్పు. అడుగు గిన్నెకు దొంగ అడుగు, దాని కింద చిన్న పిస్టల్. గుమ్మం దాకా వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశారు.

"నాకు కూతుళ్ళు లేరమ్మా. ఉంటే నీలాగే ఉండాలనుకునేవాణ్ణి. జంకకు."

రాజమండ్రి దాకా కారులో ఆ మాటే తలుచుకుంటూ వచ్చింది వీరదుర్గ. డిపార్ట్‌మెంట్ మెడల్స్ ఇవ్వదు. ఇచ్చినా ఇంతకంటే పెద్దది ఏమిస్తుంది?

హైదరాబాద్ ప్యాకింగ్ కంపెనీ మనిషిగా వేషం. నీలం యూనిఫాం, టోపీ, మందపాటి కళ్ళజోడు, మెడలో దొంగ ఐడీ కార్డు. మాటలో 'అండి' రాకూడదని దారి పొడవునా సాధన చేసింది. బంగళా గేటు దగ్గర ఎంబసీ గార్డులిద్దరూ ఆపగానే, "లోపలికెళ్ళొచ్చాండీ?" అంది. గోదావరి నీళ్ళు తాగిన నోరు యూనిఫాం మాట వినదు. అదృష్టం బాగుండి ఆ గార్డులకు తెలుగు రాదు.

పెద్ద హాల్లో ఈజిల్ మీద ఉంది బొమ్మ.

వీరదుర్గ ఒక్క క్షణం వచ్చిన పని మరిచిపోయింది. నీలం తిరిగిన కొండలు, వాటి మీదికి దిగుతున్న వానమబ్బు. కింద రాళ్ళ మధ్య పారే సన్నటి ఏరు, దాని మీద వంగిన రాతి వంతెన. ఒడ్డున మోకాలి లోతు గడ్డిలో నల్లటి ఆవులు. దూరంగా ఒక ఇంటి పొగగొట్టం, ఎర్ర శాలువా కప్పుకుని బుట్టతో ఆ ఇంటివైపు నడిచే ఒక ఆడమనిషి. కింద ఇత్తడి రేకు మీద ఇంగ్లీషులో 'కాన్వీ లోయలో సాయంత్రం' అని ఉంది. వేల్స్ దేశం నుంచి మన కాలవల పనికి వచ్చిన ఇంజినీరు ఎవరో ఇంటి మీద బెంగతో వెంట తెచ్చుకున్నాడట. ఆ ఏట్లో ఏ చేప దొరుకుతుందో అనుకుంది వీరదుర్గ. తరువాత పక్కనున్న ఇంకో స్టీలు క్యారేజీ కంటబడింది. అదే సైజు, అదే పిడి.

"తలుపు వేసి రండి," అంది బొమ్మ వెనక నుంచి ఒక గొంతు. "పిస్టల్ తీసేటప్పుడు పప్పు ఒలకనివ్వకండి. కింద కాన్వాసు పరిచాను."

రూతు ఇవతలికి వచ్చింది. ఫోటోలో కంటే అందంగా ఉంది, చేతిలో పిస్టల్ కూడా ఉంది. వీరదుర్గ చేతిలోకీ అప్పటికే వచ్చేసింది. మధ్యలో కాన్వీ లోయ ఆవులు నింపాదిగా మేస్తున్నాయి.

"త్రిమూర్తులును ఎందుకు చంపించావు?"

"అది నేనడగాల్సిన ప్రశ్న," అంది రూతు. "ప్యాకింగ్ మనిషి వేషంలో ఒకామె వస్తుంది, త్రిమూర్తులును చంపింది ఆవిడే, ఆలోచించకుండా కాల్చమన్నారు."

"ఎవరన్నారు?"

"నిన్న కూర్చోబెట్టి పెసరట్టు పెట్టి, నాకు కూతుళ్ళు లేరమ్మా, ఉంటే నీలాగే ఉండాలనుకునేవాణ్ణి అన్న పెద్దమనిషి."

నిన్న. త్రిమూర్తులు చనిపోయింది ఈ పొద్దున. ఆ చావు కబురు నిన్ననే మాస్టారి నోట్లో ఉంది.

వీరదుర్గ పిస్టల్ దానంతట అదే కిందికి దిగింది. తేదీ వల్ల మాత్రమే కాదు. ఆ మాట వల్ల. తన ఒక్కదాని కోసం పుట్టిందనుకున్న మాట ఇంకొకరి నోట అక్షరం పొల్లుపోకుండా వినపడితే, గుండెలో ఏదో మెట్టు జారినట్టయింది. ఎవరికీ చెప్పకు అన్నాడు త్రిమూర్తులు. తను చెప్పింది. చెప్పాల్సిన చోటు కాని చోటే చెప్పింది.

"నేను షెపర్డ్ గుంపులో చేరింది మాస్టారి ఆర్డరు మీదే," అంది రూతు, లిప్‌స్టిక్ పెదవులు కొరుక్కుంటూ. "నేను డబుల్ ఏజెంట్‌నని తెలిసింది ఆయనొక్కరికే. ఆయన కాదంటే ఉత్త దేశద్రోహిని. మనిద్దరం ఒకరినొకరు కాల్చుకుంటే ఆయనకు సాక్షులు ఉండరు."

"చిప్ ఎక్కడుంది?"

"బొమ్మలో లేదు. అంగుళం అంగుళం వెతికాను. కాన్వాసు వదులు కాకుండా చట్రం మూలల్లో దిగగొట్టే చెక్క చీలలు కూడా పీకి చూశాను. అంటే ఇంకా పెట్టలేదు. తన చేత్తో పెడతారు, ఆఖర్న."

"అయితే పెట్టనిద్దాం. మాస్టారి మీద ఉత్తమాట చెబితే ఢిల్లీలో నమ్మేవాడు ఉండడు. ఇందాకటిదాకా నేనే నమ్మేదాన్ని కాదు."

రూతు తన పెట్టెలోంచి గుండీ అంత కెమెరా తీసింది, బొమ్మల పగుళ్ళు ఫోటో తీసేది. ఈజిల్ వెనక అంటించింది. ఇసుక సంచిలోకి ఒక తూటా పేల్చింది. ఎర్ర రంగు ట్యూబు పిండి తెల్ల చొక్కా మీద పూసుకుని ప్యాకింగ్ గడ్డిలో పడుకుంది.

విందు ఏర్పాట్లకని అప్పటికే బంగళాకు వచ్చి ఉన్న జగన్నాథరావు చప్పుడు విని హాల్లోకి వచ్చారు. రూతు వైపు చూడనైనా లేదు.

"నీకు దెబ్బ తగల్లేదు కదమ్మా?" అన్నారు.

ఆ గొంతులో నిజమైన ఆదుర్దా ఉంది. అదే వీరదుర్గను ఎక్కువ కోసింది. అబద్ధమైన ప్రేమ అయితే పోనీలే అనుకోవచ్చు.

"లేదండి. పని అయిపోయింది."

"వెళ్ళి చేతులు కడుక్కుని రా. వడ్డనకు నువ్వుండాలి. ఈ బొమ్మను చివరిసారి కాసేపు చూసుకుంటాను."

ఆమె వెళ్ళింది. కెమెరా వెళ్ళలేదు. పట్టుపంచె రొంటిన దోపుకున్న ఒక చెక్క చీలను ఆయన తీయడం, చట్రం మూలలో పాతది పీకి కొత్తది బిగించడం, పేపర్ వెయిట్‌తో రెండు దెబ్బలు వేయడం, అన్నీ చూసింది. తరువాత ఆయనే బొమ్మను పెట్టెలో దించి గార్డులను పిలిచి తలుపు దగ్గర నిలబెట్టారు. గడ్డిలో శవం ఉంటుందని గార్డులకు షెపర్డ్ ముందే చెప్పి ఉంచాడు. శవాన్ని కాపలా కాయడం వాళ్ళకు కొత్త కాదు.

షెపర్డ్ వచ్చాడు. పొడుగాటి మనిషి, వాచీ చూసుకునే మనిషి. కుడిచేతి వేలికి సీలు ఉంగరం.

"ముందు సీలు, తరువాత లంచ్," అన్నాడు ఇంగ్లీషులో.

గూఢచర్యం తెలిసిన ఎవడైనా సరేననేవాడు. జగన్నాథరావు గూఢచర్యంలో ముదిరినవాడే. కానీ వరండాలో అరిటాకులు పరిచి ఉన్నాయి. అన్నం వడ్డించి ఉంది, ఆవిరి లేస్తోంది. వడ్డించిన విస్తరి ముందు అతిథిని నిలబెట్టి పెట్టె తాళాలు వేయడం ఆయన వంశంలో ఎవరూ చేసి ఉండరు.

"అన్నం చల్లారిపోతుందండీ. సీలుదేముంది, పెట్టె ఎక్కడికీ పోదు," అని షెపర్డ్ భుజం పట్టి కూర్చోబెట్టారు.

ముద్దపప్పు, నెయ్యి. పనసపొట్టు కూర. గుమ్మడికాయ దప్పళం. వీరదుర్గ వడ్డిస్తోంది, కళ్ళు మాత్రం హాలు తలుపు మీద. గార్డులిద్దరూ కదలకుండా నిలబడ్డారు. వాళ్ళు అక్కడున్నంతసేపూ ఆ చీల తీయడానికి రూతు వేలైనా కదపలేదు. ఏం చెయ్యాలో తోచక వీరదుర్గ నేతిగిన్నె పట్టుకుని నిలబడింది.

జగన్నాథరావు కూడా అటే చూశారు. ఆయన ముఖం చిన్నబోయింది.

"అయ్యో, వాళ్ళను మరిచాం. మన గుమ్మంలోకి వచ్చి పస్తుండడమేంటి? కూర్చోబెట్టమ్మా."

"వాళ్ళు డ్యూటీలో ఉన్నారు," అన్నాడు షెపర్డ్, నోటినిండా అన్నంతో.

"తినడానికి డ్యూటీ ఏంటండీ," అని ఆయనే లేచి వెళ్ళి, గార్డుల చేతులు పట్టుకుని తెచ్చి, తన ఎదురుగానే ఆకులు వేయించారు. మళ్ళీ వచ్చి అతిథి పక్కనే కూర్చున్నారు. అతిథి తింటుండగా ఆతిథ్యమిచ్చేవాడు లేవకూడదు. ఇక అక్కడినుంచి కదలలేరు.

వీరదుర్గ వడ్డించింది. షెపర్డ్ వద్దంటే రెండు గరిటెలు, చాలంటే మూడు. అతను మొహం మొత్తి లేవబోయాడు.

"పెరుగన్నం తినకుండా లేస్తే నాకు అవమానమండీ," అని జగన్నాథరావు అతని భుజం నొక్కి మళ్ళీ కూలేశారు. తన కుట్రను తన చేత్తోనే అంత గట్టిగా ఆపిన మనిషి ఇంకొకడు ఉండడు.

ఎట్టకేలకు షెపర్డ్ చెయ్యి కడుక్కున్నాడు. హాల్లో అందరికంటే ముందు వీరదుర్గే అడుగు పెట్టింది. పెట్టె ఎలా ఉన్నది అలాగే ఉంది. గడ్డిలో రూతు ఎలా పడి ఉన్నది అలాగే పడి ఉంది. తీసిందా? తీయలేదా? కన్ను కూడా తెరవడం లేదు. లేక ఈవిడ కూడా మాస్టారి మనిషేనా, ఆ పెసరట్టు కథంతా నాటకమేనా? పొద్దుటిదాకా వీరదుర్గకు ఇలాంటి ప్రశ్న వచ్చేది కాదు. ఒకరి మీద నమ్మకం పోతే అది ఒక్కటే పోదు, పక్కవాళ్ళ మీద ఉన్నదాన్ని కూడా పట్టుకుపోతుంది.

మూత బిగించారు. తాడు కట్టి, ముడి మీద వేడి లక్క పోశారు. షెపర్డ్ పిడికిలి ఉంగరంతో కిందికి దిగింది.

వీరబాబు పడవ కళ్ళముందు మెదిలింది. ఆమె అరచెయ్యి చాచి లక్క మీద పెట్టేసింది.

ఉంగరం ఆమె చేతి మీద పడింది. కింద లక్క చర్మానికి అతుక్కుని చుర్రుమంది. వీరదుర్గ పళ్ళు బిగించింది, చెయ్యి తీయలేదు.

"చెయ్యి తీసెయ్యి దుర్గా," అంది గడ్డిలోంచి రూతు, లేచి కూర్చుని. ఒక చేతిలో పిస్టల్, ఇంకో చేతిలో చిప్ దాచిన చెక్క చీల. "ఎప్పుడో తీశాను. వీడియో ఢిల్లీకి కూడా వెళ్ళిపోయింది. నన్ను నమ్మి ఉంటే ఆ చెయ్యి కాలేది కాదు."

"ఇవాళ నమ్మకాలు నిండుకున్నాయి," అంది వీరదుర్గ.

షెపర్డ్ గుమ్మం వైపు చూశాడు. అతని గార్డులు ఇంకా వరండాలో బూరెలు తింటున్నారు. వాళ్ళ చేతులు పిస్టళ్ళు పట్టే స్థితిలో లేవు. గేటు దగ్గర పోలీసు జీపులు ఆగాయి.

జగన్నాథరావు కుర్చీలో కూర్చుండిపోయారు. ఉన్నట్టుండి ముసలివారైపోయారు.

"ఎందుకు చేశారు మాస్టారూ?" అంది వీరదుర్గ.

"వాళ్ళ మ్యూజియంలో ఈ బొమ్మ కింద నా పేరు చెక్కిస్తామన్నారమ్మా. దాత జగన్నాథరావు అని. మా ఊళ్ళో గుడికి ఫ్యాను ఇచ్చినవాడికి కూడా రెక్కల మీద పేరుంటుంది. బతుకంతా దేశానికి ధారపోసిన నా పేరు ఏ గోడ మీదా లేదు."

"దానికి మా పడవలు?"

ఆయన నచ్చచెప్పే గొంతుతోనే అన్నారు. "ఏటా సముద్రం తీసుకుపోయేవాళ్ళే కదమ్మా. ఇంకో నాలుగు పోతే ఎవరు గుర్తిస్తారు?"

షెల్టరులో తడిసిన పిల్లకు తువ్వాలు కప్పిన చెయ్యి అదే. అప్పుడు కూడా ఆ మనసులో ఈ లెక్కే ఉందా? వీరదుర్గకు కాలిన చెయ్యి మంట తెలియడం లేదు. తండ్రి రెండోసారి పోయినట్టుంది. మొదటిసారి సముద్రాన్ని తిట్టుకుంది. ఈసారి తిట్టుకోవడానికి ఎదురుగా మనిషున్నా నోరు రావడం లేదు.

"నన్నేం చెయ్యాలనుకున్నారు?"

"ఎయిర్‌పోర్టు దారిలో గార్డులు చూసుకునేవారు." ఆయన తల దించుకున్నారు. "నీకూ విస్తరి వేయించానమ్మా. వాళ్ళ పక్కనే. వడ్డన అవగానే తినమనేవాణ్ణి. ఖాళీ కడుపుతో ఎలా పంపుతాను?"

ఆయన ఆ మాట నిజంగానే అన్నారు. ఆమె ఇక అక్కడ నిలబడలేకపోయింది.

షెపర్డ్‌కు డిప్లొమాట్ రక్షణ ఉంది కనుక, ఖాళీ పెట్టెతో, నిండు కడుపుతో విమానం ఎక్కించారు. కాన్వీ లోయ మళ్ళీ గోడ ఎక్కింది. రూతు వీరదుర్గ చేతికి మందు రాసి కట్టు కట్టింది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఒకే మాటకు మోసపోయినవాళ్ళకు చెప్పుకోవడానికి కొత్తగా ఏముంటుంది?

గట్టు మీద నిలబడి వీరదుర్గ ఫోన్ కలిపింది. మొదటిసారి కలవలేదు. రెండోసారి ఇంజిను చప్పుడు, దాని వెనక తమ్ముడి గొంతు.

"ఒడ్డుకు వస్తున్నాం అక్కా. ఏంటలా ఉంది గొంతు?"

"ఏం లేదురా. జలుబు."

"మంచి పండుగప్ప పడింది. ఎవరికీ అమ్మలేదు, మాస్టారికని పక్కన పెట్టాను. నువ్వే తీసుకెళ్ళి ఇయ్యాలి. ఎన్ని చేశారాయన మనకి."

వీరదుర్గ కళ్ళు తుడుచుకుంది, కట్టు లేని చేత్తో.

"మాస్టారికి ఇకనుంచి భోజనం ప్రభుత్వమే పెడుతుందిరా," అంది. "ఆ చేప మనమే తిందాం."